సొంత పేరుతో ఆడిన వీరుడు జిమ్ థోర్ప్

ఈ సంచికలో మన పెద్దలతో పాటు సముద్రాల అవతలి ఒక ఆదివాసీ బిడ్డను కూడా తలచుకోవాలనుకున్నాం. ఆయన పేరు జిమ్ థోర్ప్. ఒలింపిక్ పతకాలు గెలిచి, పోగొట్టుకున్న వీరుడిగా ఆయనను లోకం ఎరుగుదును. ఆ పతకాలు పోవడానికి కారణమైన ఆటే తర్వాత ఆయనకు అన్నం పెట్టిందన్న సంగతి మన యువతలో చాలామందికి తెలియదు. ఆ ఆట బేస్‌బాల్.

థోర్ప్ 1887లో ఇప్పటి ఒక్లహోమా ప్రాంతంలో, శాక్ అండ్ ఫాక్స్ తెగలో పుట్టారు. అప్పటికి అది రాష్ట్రం కాదు. సొంత భూముల నుంచి వెళ్లగొట్టిన తెగలను తెచ్చి ఉంచిన ఇండియన్ టెరిటరీ. తెగలో ఆయన పేరు వా-థో-హుక్. వెలుగు పడిన దారి అని అర్థం. కవల సోదరుడు చార్లీ చిన్నతనంలోనే జబ్బుచేసి చనిపోయాడు. తర్వాత తల్లి, ఆ తర్వాత తండ్రి పోయారు.

ఆయనను పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూలుకు పంపారు. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పెట్టిన బడి అది. పిల్లలను తెగకు దూరం చేసి తెల్లవాళ్లలా మార్చడమే దాని ఉద్దేశం. చేరగానే జుట్టు కత్తిరించేవారు, పేర్లు మార్చేవారు, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. హాస్టల్లో చేరిన కొత్తలో నలుగురిలో మన భాష మాట్లాడడానికి సిగ్గుపడినవాళ్లం మనలో ఎందరమో ఉన్నాం. అక్కడ సిగ్గుతో పని లేదు, అది బడి నిబంధన.

1907లో ఒకరోజు మైదానం పక్కగా వెళ్తూ, పనిబట్టలతోనే, మిగతా కుర్రాళ్లు దాటలేని హైజంప్ కర్రను ఆయన దాటేశారని చెబుతారు. అప్పటి నుంచి కోచ్ పాప్ వార్నర్ దగ్గర పరుగు, ఫుట్‌బాల్ అన్నిటా ఆయనే ముందు.

1909, 1910 వేసవుల్లో థోర్ప్ నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్ అనే ఊళ్లో చిన్న లీగ్ జట్టుకు బేస్‌బాల్ ఆడారు. దక్కింది కొద్దిపాటి జీతం. ఆ రోజుల్లో చాలామంది కాలేజీ కుర్రాళ్లు అలాగే వేసవిలో డబ్బుకు ఆడేవారు. తర్వాత చిక్కు రాకుండా మారుపేర్లు పెట్టుకునేవారు. థోర్ప్ తన సొంత పేరుతోనే ఆడారు.

1912లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఐదు పోటీల పెంటాథ్లాన్‌లో నాలుగింట ఆయనే మొదట నిలిచారు. పది పోటీల డెకాథ్లాన్‌లో 8,412 పాయింట్లు సాధించి, రెండో స్థానంలో ఉన్న స్వీడన్ క్రీడాకారుడు హ్యూగో వీస్లాండర్‌ను దాదాపు 700 పాయింట్ల తేడాతో ఓడించారు. మధ్యలో ఎవరో బూట్లు దొంగిలిస్తే, దొరికిన రెండు వేర్వేరు బూట్లు తొడుక్కుని పోటీలో దిగారు. అప్పటికి అమెరికా చట్టం ఆదివాసులందరినీ పౌరులుగా గుర్తించనైనా లేదు. ఆ చట్టం వచ్చింది 1924లో.

1913 జనవరిలో రాకీ మౌంట్ సంగతి ఒక పత్రికలో వచ్చింది. డబ్బుకు ఆడినవాడు ఒలింపిక్స్‌కు అనర్హుడన్నారు. పతకాలు వెనక్కి తీసుకున్నారు, రికార్డుల్లోంచి పేరు కొట్టేశారు. కోచ్, బడి అధికారులు తమకేమీ తెలియదన్నారు. నిజానికి ఫిర్యాదు ఏదైనా పోటీలు ముగిసిన 30 రోజుల్లోపే రావాలని ఆ ఒలింపిక్స్ నిబంధనల్లోనే ఉంది. ఇది వచ్చింది ఆరు నెలల తర్వాత. ఆ నిబంధన చూపించి ఆయన పక్షాన వాదించినవాళ్లు ఎవరూ లేకపోయారు.

ఎలాగూ డబ్బుకు ఆడేవాడన్న ముద్ర పడింది కాబట్టి ఆయన ఆ ఆటకే వెళ్లారు. అదే ఏడాది పెద్ద లీగ్‌లోని న్యూయార్క్ జెయింట్స్ జట్టు ఆయనను తీసుకుంది. ఆయన స్థానం అవుట్‌ఫీల్డ్. మన క్రికెట్‌లో బౌండరీ దగ్గర నిలబడేవాళ్లలాగే, దూరంగా వచ్చే బంతిని పరుగెత్తి పట్టి లోపలికి విసరాలి. కాళ్లలో వేగం, చేతిలో బలం ఉన్నవాళ్ల పని అది. ఆ రెండూ ఆయనకు ఉన్నాయి. కష్టమంతా బ్యాటింగ్‌లో. వంకర తిరిగే బంతి ఆయనను ఇబ్బంది పెట్టేది. మేనేజర్ జాన్ మెక్‌గ్రా ఆయనను చాలాకాలం బెంచీ మీదే కూర్చోబెట్టారు. 1913 చివర్లో జట్టుతో కలిసి ప్రపంచ యాత్రకు బయలుదేరి జపాన్, ఆస్ట్రేలియా, మన పొరుగున కొలంబో, ఈజిప్టు మీదుగా లండన్ దాకా వెళ్లారు. ఒలింపిక్ వీరుడిని చూడడానికి జనం వచ్చారు కానీ, జట్టులో చోటు మాత్రం ఖాయం కాలేదు.

1917లో కొన్నాళ్లు సిన్సినాటి జట్టుకు ఆడారు. మే 2న షికాగోలో జరిగిన ఆట బేస్‌బాల్ చరిత్రలో నిలిచిపోయింది. తొమ్మిది ఇన్నింగ్స్ పాటు రెండు జట్లలో ఒక్కరికీ హిట్ దక్కలేదు. పదో ఇన్నింగ్స్‌లో థోర్ప్ కొట్టిన బంతి నెమ్మదిగా దొర్లుకుంటూ బౌలర్ దగ్గరికే వెళ్లింది. ఈలోగా మూడో బేస్ మీదున్న ఆటగాడు పరుగెత్తి వచ్చాడు. సిన్సినాటి 1-0తో గెలిచింది.

1919లో బోస్టన్ జట్టుకు 60 ఆటలు ఆడి .327 సగటు సాధించారు. అంటే మూడుసార్లు బ్యాట్ పడితే దాదాపు ఒకసారి హిట్. ఆయన అన్నిటికన్నా బాగా ఆడిన ఆ సీజనే పెద్ద లీగ్‌లో ఆఖరిది. మొత్తం 289 ఆటలు, సగటు .252. ఇది గొప్ప లెక్కేమీ కాదు. ఆ విషయం దాచాలని మాకు లేదు. పుట్టుకతో వచ్చిన ఆట కాకపోయినా ఆరేళ్లు పట్టువిడవకుండా నేర్చుకుని చివరికి మెరుగైన మనిషి ఆ అంకెల్లో మాకు కనిపిస్తున్నారు.

ఫుట్‌బాల్‌లో ఆయన ఇంకా పెద్దవాడు. 1920లో ఏర్పడిన, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌గా మారిన సంఘానికి ఆయనే మొదటి అధ్యక్షుడు. 1922, 1923లలో ఊరాంగ్ ఇండియన్స్ అనే పూర్తి ఆదివాసీ జట్టును నడిపారు.

ఆటలు ముగిశాక రోజులు కష్టంగా గడిచాయి. పెద్ద కొడుకు పసితనంలోనే పోయాడు. తాగుడు ఆయనను పట్టుకుంది. మాంద్యం కాలంలో లాస్ ఏంజెలెస్‌లో గుంతలు తవ్వే కూలికి వెళ్లారు, సినిమాల్లో చిన్న వేషాలు వేశారు. 1932లో ఆ నగరంలోనే ఒలింపిక్స్ జరిగితే టికెట్టుకు డబ్బు లేదు. ఆదివాసీ మూలాలున్న ఉపాధ్యక్షుడు చార్లెస్ కర్టిస్ పిలిచి తన దగ్గర కూర్చోబెట్టుకున్నారు. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. 1950లో పత్రికలవాళ్లు ఆయనను అర్ధ శతాబ్దపు మేటి క్రీడాకారుడిగా ఎన్నుకున్నారు. 1953 మార్చి 28న గుండెపోటుతో మరణించారు.

తర్వాత వీలర్, రిడ్లన్ అనే దంపతులు అమెరికా జాతీయ గ్రంథాలయంలో వెతికి ఆ 30 రోజుల నిబంధన ఉన్న పుస్తకం బయటపెట్టారు. 1982లో ఒలింపిక్ సంఘం ఆయనను ఉమ్మడి విజేతగా ఒప్పుకుంది, మరుసటి ఏడాది పిల్లలకు పతకాలు అందించింది. ఏకైక విజేతగా పేరు ఎక్కింది మాత్రం 2022లో. అవమానం జరిగి అప్పటికి 109 ఏళ్లు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మేము ఈ కథలో రెండు విషయాలు చూశాం. అందరూ మారుపేర్లు పెట్టుకున్న చోట ఆయన సొంత పేరు దాచలేదు. దానికి మూల్యం చెల్లించారు, కానీ చివరికి నిలిచింది ఆ పేరే. రెండోది, ఆయనకు న్యాయం చేయగల మాట మొదటి రోజు నుంచీ కాగితం మీదే ఉంది. చదివి చూపించేవాళ్లే లేరు. భూమి పట్టా అయినా, కుల ధ్రువపత్రమైనా, ఆటల సెలక్షన్ నోటీసైనా మనవాళ్లు చదవాలి, గడువు లెక్కపెట్టాలి, తోటివాడి పక్కన నిలబడి అడగాలి. ఆ పని చేసే చదువు ఇప్పుడు మీ చేతుల్లో ఉంది.

వా-థో-హుక్‌కు మన జోహార్లు.