అనాథబాంధవుడు యానుష్ కోర్చాక్

లోకమున గొప్ప నాటకశాలలు పెక్కు కలవు. రంగురంగుల తెరలు, విద్యుద్దీపములు, వందలకొలది ప్రేక్షకులు వానికి శోభ గూర్చును. 1942వ సంవత్సరము జులై 18వ తేదీ శనివారము సాయంకాలమున పోలండు దేశపు రాజధానియగు వార్సా నగరమున ఒక చిన్న నాటకము ప్రదర్శింపబడెను. దానికి అట్టి హంగు లేవియు లేవు. అది జరిగిన చోటు ఒక అనాథశరణాలయము. ఆడినవారు ఆకలితో కృశించిన బాలబాలికలు. ఆ నాటకము మన రవీంద్రనాథ ఠాకూరు రచించిన డాక్‌ఘర్. దాని నాడించిన మహనీయుడు యానుష్ కోర్చాక్. ఆయన జీవితము తెలిసికొనిననే గాని ఆ ప్రదర్శనము యొక్క విలువ మనకు బోధపడదు.

కోర్చాక్ అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. ఆయన 1878వ సంవత్సర ప్రాంతమున వార్సాలో ఒక యూదు కుటుంబమున జన్మించెను. అప్పుడు ఆ నగరము రష్యా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. తండ్రి న్యాయవాది. బాల్యము సుఖముగనే గడచెను. కాని కొంతకాలమునకు తండ్రికి మతి చలించెను. ఉన్న ధనము చికిత్సకు వ్యయమయ్యెను. 1896లో తండ్రి మరణించుటతో కుటుంబము పేదరికమున బడెను. విద్యార్థిగా నుండగనే హెన్రిక్ ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి, వచ్చిన కొలది ధనముతో ఇంటికి ఆసరా యయ్యెను. రచన యన్నను, నాటకము లన్నను ఆయనకు మిక్కిలి మక్కువ. 1898లో ఒక పోటీకి తన నాటకమును పంపుచు, ఒక పాత నవలలోని నాయకుని పేరును తనకు మారుపేరుగా పెట్టుకొనెను. ఆ మారుపేరే యానుష్ కోర్చాక్. లోకము ఆయనను ఆ పేరుతోడనే ఎఱుగును.

వైద్యవిద్య ముగించి కోర్చాక్ వార్సాలోని ఒక పిల్లల ఆసుపత్రిలో వైద్యుడయ్యెను. అచిరకాలముననే మంచి పేరు వచ్చెను. ధనవంతులు ఆయనను తమ యిండ్లకు పిలిపించుకొనుచుండిరి. వారివద్ద రుసుము పుచ్చుకొని, పేదపిల్లలకు ఉచితముగా చికిత్స చేయుచుండెను. కాని ఆయన మనస్సునకు తృప్తి కలుగలేదు. జ్వరమునకు మందు ఇయ్యవచ్చును. తల్లిదండ్రులు లేని పిల్లవాని యొంటరితనమునకు ఏ మందు ఇయ్యగలము? ఈ చింతయే ఆయన జీవితమార్గమును మార్చెను. 1912లో యూదు అనాథ బాలబాలికలకై నిర్మింపబడిన శరణాలయమునకు ఆయన అధిపతియయ్యెను. స్టెఫానియా విల్చిన్‌స్కా యను సాధ్వి ఆయనకు కుడిభుజమై, తుదివరకును ఆ పిల్లలకు తల్లివలె మెలగెను. కోర్చాక్ వివాహము చేసికొనలేదు. శరణాలయపు పిల్లలే ఆయన కుటుంబము.

పిల్లలు రేపటి మనుష్యులు మాత్రమే కారు, నేడును మనుష్యులే యని ఆయన సిద్ధాంతము. కావున శరణాలయమున పిల్లల కొక న్యాయస్థానము నేర్పఱచెను. పిల్లలే న్యాయమూర్తులు. తోటివాడు కొట్టినను, ఉపాధ్యాయుడు అన్యాయముగా కోపగించినను, ఏ పిల్లవాడైనను అచట ఫిర్యాదు చేయవచ్చును. ఆ న్యాయస్థానపు నిబంధనలలో అధికభాగము క్షమింపుమనియే బోధించును. కోర్చాక్ సైతము పలుమారులు ఆ చిన్ని న్యాయమూర్తుల యెదుట నిలువవలసివచ్చెను. 1926లో పిల్లలే వ్రాయు ఒక వార్తాపత్రికను ఆయన ప్రారంభించెను. బాలుడు రాజైన కథను నవలగా వ్రాసెను. రేడియోలో ముసలి డాక్టరను పేరుతో ఆయన చేసిన ప్రసంగములను దేశమంతటను పిన్నలు, పెద్దలు చెవియొగ్గి వినుచుండిరి.

1939 సెప్టెంబరులో జర్మనీ సైన్యములు పోలండుపై దండెత్తెను. వార్సా నాజీల వశమయ్యెను. 1940లో వారు నగరమునందలి యొక భాగమునకు ఎత్తైన గోడ కట్టి, యూదుల నందఱను అందులో బంధించిరి. నాలుగు లక్షలకు పైబడిన జనులు ఆ యిఱుకు వీథులలో ఆకలితోను, విషజ్వరములతోను క్రుంగిపోవుచుండిరి. అనాథశరణాలయము కూడ తన సొంత భవనమును విడిచి గోడ లోపలికి పోవలసివచ్చెను. ఆ తరలింపు సమయమున పిల్లల కొఱకు తెచ్చిన బంగాళాదుంపల బండిని నాజీలు లాగుకొనిరి. కోర్చాక్ నిర్భయముగా వారి కార్యాలయమునకు పోయి అడిగెను. యూదులు విధిగా చేతికి కట్టుకొనవలసిన పట్టీని ఆయన కట్టుకొనకుండెను. అందులకు వారు ఆయనను చెఱసాలలో బెట్టిరి. విడుదలయైన పిదప, అఱువదేండ్లు దాటిన ఆ వృద్ధుడు వాచిన కాళ్లతో ప్రతిదినము ఇల్లిల్లు తిరిగి పిల్లల కొఱకు ఆహారమును యాచించుచుండెను.

అట్టి దినములలో నాటక మెందుకని మనకు తోచవచ్చును. డాక్‌ఘర్ కథ తెలిసినచో కారణము బోధపడును. అమలుడను బాలుడు వ్యాధిగ్రస్తుడు. వానిని గడప దాటనీయరాదని వైద్యుడు ఆజ్ఞాపించెను. వాడు కిటికీయొద్ద కూర్చుండి, పెరుగమ్మువానితోను, కావలివానితోను, పూలు కోయు సుధ యను బాలికతోను ముచ్చటించుచు, తాను చూడని కొండలను, త్రోవలను మనస్సుననే చూచుచుండును. ఎదుట రాజుగారి తపాలా కచేరి వెలసెను. రాజు తనకు జాబు వ్రాయునని వాడు ఎదురుచూచుచుండును. తుదకు రాజవైద్యుడు వచ్చి, మూసిన తలుపులను, కిటికీలను తెఱపించును. బాలుడు నక్షత్రకాంతిలో ప్రశాంతముగా నిద్రించును. సుధ పూవులతో వచ్చి, తాను వానిని మఱువలేదని వానికి చెప్పుమని కోరును.

గోడ లోపల చిక్కిన ఆ పిల్లలందఱును అమలులే. పచ్చిక బయళ్లను, నదిని వారు చూచి ఎన్ని దినములయ్యెనో! మృత్యువు తమ వాకిట నిలిచియున్నదని కోర్చాక్ ఎఱుగును. దానిని భయము లేక ఎదుర్కొను ధైర్యమును పిల్లలకు కలిగింపవలెనని ఆయన ఆ నాటకమును ఎన్నుకొనెనని చెప్పుదురు. ఎస్తెర్కా వినోగ్రోన్ అను యువతి పిల్లలకు నటన నేర్పెను. అబ్రాషా యను బాలుడు అమలుని పాత్ర ధరించెను. ఆహ్వానపత్రములు పంపబడెను. ప్రవేశరుసుము లేదు.

ఆ శరణాలయమునకు చాలినన్ని గదులు లేవు. ఒకే పెద్ద హాలులో పిల్లలు పగలు చదువుకొని, భుజించి, రాత్రి నిద్రించుచుండిరి. అట్టి చోట నాలుగున్నర గంటలకు నాటకము ప్రారంభమయ్యెను. ఆహ్వానితులైన మిత్రులు, శరణాలయపు పిల్లలు, ఉద్యోగులు మాత్రమే ప్రేక్షకులు. నటులకును వారికిని నడుమ దూరము లేదు. వేదికపై నున్న బాలుని వేదన చూచువారి వేదనయే. ఆ గంటసేపు గోడలు కనుమఱుగై, ఎవరును ఎఱుగని బెంగాలు దేశపు త్రోవలు వారి కన్నుల యెదుట నిలిచెను. దానిని వ్రాసిన కవి అంతకు సుమారొక సంవత్సరము క్రిందట, 1941 ఆగస్టులో, కలకత్తాలో కన్నుమూసియుండెను. తన రచన ఇట్టి దుఃఖితులకు ఊరట యగునని ఆయన ఊహించియుండడు.

నాలుగు దినములకే, జులై 22వ తేదీన, నాజీలు ఆ ప్రాంతపు ప్రజలను రైళ్లలో నింపి ట్రెబ్లింకా యను వధాస్థలమునకు పంపసాగిరి. ఆగస్టు మొదటి వారమున శరణాలయమునకు వంతు వచ్చెను. కోర్చాక్‌ను మాత్రము రహస్యముగా తప్పించుటకు పోలిష్ మిత్రులు పూర్వమే యత్నించియుండిరి. పిల్లలను విడిచి వచ్చుటకు ఆయన అంగీకరింపలేదు. సుమారు రెండువందలమంది పిల్లలు బారులు తీఱి, ఏడ్పులు పెడబొబ్బలు లేక వీథివెంట నడచిరని చూచినవారు చెప్పిరి. ముందు కోర్చాక్ నడచెను. స్టెఫానియా, తక్కిన ఉపాధ్యాయులు వెంట నుండిరి. వారిలో నెవ్వరును మరల రాలేదు.

నేడు ట్రెబ్లింకాలో వేలకొలది స్మారకశిలలు నిలిచియున్నవి. వానిలో నొకదానిపై కోర్చాక్ పేరును, ఆయన పిల్లల ప్రస్తావనయు చెక్కబడియున్నవి. 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించెను. దానిని మొదట ప్రతిపాదించిన దేశము పోలండు. పిల్లలను గౌరవింపవలెనని కోర్చాక్ జీవితాంతము చాటిన మాట అందు ప్రతిధ్వనించుచున్నది.

ప్రాణము నిలుపు శక్తి కోర్చాక్‌నకు లేకపోయెను. అయినను, పిల్లల నెన్నడును ఒంటరివారిగా విడువకుండు శక్తి ఆయనకు కలదు. ఆహారము కొఱవడినపుడు యాచించి తెచ్చెను. ఆశ కొఱవడినపుడు నాటకమాడించెను. ఏమియు మిగులనపుడు తానే తోడు నడచెను. ఆపదలో నున్నవారికి మనము చేయగలది స్వల్పమే యైనను దానిని మానరాదని ఆయన చరిత్రము మనకు బోధించుచున్నది.