క్లౌ దొరగారు

వినుకొండ సీమను తాకుచు పారు గుండ్లకమ్మకును, క్లౌ దొరగారి జీవితమునకును విడరాని సంబంధము గలదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలో జన్మించిరి. యౌవనమున భూములు కొలుచు సర్వే పని నేర్చి, న్యాయవాది కాదలచిరి. దేవుడు దారి మరల్చెను. 1866లో మిషనరీగా ఒంగోలు చేరిరి.

1876లో ఘోరమైన కరవు దాపురించెను. సువార్త చెప్పవచ్చినవారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించిరి. ఎన్నడో విడిచిన సర్వే విద్య అక్కరకు వచ్చెను. అన్నముకొరకు ఎవరును మతము పుచ్చుకొనరాదని కరవుకాలమున బాప్తిస్మము లాపిరి.

పిదప 1878 జూలై 3న, వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మలో, ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌగారు 1910లో పరమపదించిరి.

తాము కోరని మలుపులనే దేవుని చిత్తమని నమ్మి నడచుటయే వారి జీవితము నేర్పు పాఠము.