బొమ్మ సిపాయిలకు నియమాలు రాసిన హెచ్.జి. వెల్స్

హెచ్.జి. వెల్స్ అనగానే మనలో చాలామందికి కాలయంత్రం, అదృశ్య మానవుడు, భూమి మీదికి దండెత్తి వచ్చిన అంగారకవాసులు గుర్తుకు వస్తారు. అంతటి రచయిత బొమ్మ సిపాయిల ఆటకు నియమాలు రాశాడన్న సంగతి తెలిసినవారు తక్కువ. నాకైనా, నిరుడు హాస్టల్ గదిలో జరిగిన తగాదా పుణ్యమా అని తెలిసింది.

సెలవు రోజుల్లో మేము నలుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటాం. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. నాది యోధుడి పాత్ర. ఆట ముదిరేకొద్దీ మాంత్రికుడు ఒక్క మంత్రంతో పదిమందిని తగలబెడుతుంటే, యోధుడు మాత్రం కత్తి పట్టుకుని ఒక్కొక్కణ్ణే కొట్టుకుంటూ పోవాలి. అందుకని ఒక శత్రువు పడగానే పక్కవాణ్ణి కూడా కొట్టవచ్చునని మా గది వరకు సొంత నియమం ఒకటి పెట్టాను. నియమం మంచిదే. కానీ పెట్టింది ఆట మధ్యలో, నా యోధుడు చావబోతున్నప్పుడు! రెండు రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు. ఇలాంటి ఆటల పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ పోతే వెల్స్ దగ్గర తేలాను.

ఆయన 1866 సెప్టెంబరు 21న ఇంగ్లండులో, కెంట్ ప్రాంతపు బ్రోమ్లీ అనే ఊళ్ళో జన్మించాడు. తండ్రి జోసెఫ్ పింగాణీ సామాన్లు, ఆట వస్తువులు అమ్మే చిన్న దుకాణం నడిపేవాడు. డబ్బు తీసుకుని క్రికెట్ కూడా ఆడేవాడు. తల్లి సారా గొప్పవారి ఇళ్ళలో పనిచేసింది. 1874లో, ఏడేళ్ళ వయసులో, వెల్స్ కాలు విరిగింది. మంచం పట్టిన పిల్లవాడికి తండ్రి పుస్తకాలు తెచ్చిపెట్టాడు. చదువు రుచి అక్కడ తగిలింది. 1877లో తండ్రికే తొడ ఎముక విరిగి క్రికెట్ రాబడి పోయింది. ఇల్లు గడవక కుర్రవాణ్ణి పనికి పెట్టారు. 1881 నుంచి 1883 దాకా సౌత్‌సీ పట్టణంలో బట్టల కొట్టు, రోజుకు పదమూడు గంటల చాకిరీ. చివరికొక రోజు, తల్లి ఉద్యోగం చేస్తున్న అప్‌పార్క్ భవనం దాకా కాలినడకన వెళ్ళి, ఇక అక్కడ ఉండలేనని చెప్పేశాడు. పొలం పనుల మధ్య నుంచి చదువుకు వచ్చిన మాబోటివాళ్ళకు ఆ నడక ఎంత దూరమో వేరే చెప్పక్కర్లేదు.

మిడ్‌హర్స్ట్ బడిలో తాను చదువుకుంటూనే చిన్నవాళ్ళకు పాఠాలు చెప్పాడు. 1884లో స్కాలర్‌షిప్పు సంపాదించి లండన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్సులో చేరాడు. వారానికి ఇరవై ఒక్క షిల్లింగులతో బతకాలి. మొదటి సంవత్సరం జీవశాస్త్రం బోధించినది సాక్షాత్తూ టి.హెచ్. హక్స్‌లీ. ఆ తర్వాత వెల్స్ మనసు పాఠాల మీద కంటే చర్చల మీదికి, విద్యార్థుల పత్రిక మీదికి మళ్ళింది. ఫలితం, 1887లో జియాలజీ పరీక్ష తప్పాడు. పట్టు వదలక 1890లో లండన్ విశ్వవిద్యాలయం బి.ఎస్సి. పట్టా తెచ్చుకున్నాడు. ఆయన మొదలుపెట్టిన ఆ కాలేజీ పత్రికలోనే 1888లో కాలయంత్రం కథ తొలి రూపం అచ్చయింది. మన సావనీర్లను చిన్నచూపు చూసేవారు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

1895లో కాలయంత్రం నవల, 1897లో అదృశ్య మానవుడు, 1898లో అంగారకుల దండయాత్ర వెలువడి ఆయన కీర్తి ఖండాంతరాలకు పాకింది. సముద్రతీరాన శాండ్‌గేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. 1901లో, 1903లో ఇద్దరు కొడుకులు పుట్టారు. ఇంటినిండా బొమ్మ సిపాయిలే. ఒకనాడు భోజనాలయ్యాక స్నేహితుడొకడు, హాస్య రచయిత జెరోమ్ కె. జెరోమ్ అని చెబుతారు, స్ప్రింగుతో చిన్న కొయ్యముక్కను పేల్చే బొమ్మ ఫిరంగితో సిపాయిని గురిచూసి పడగొట్టాడు. అంతే, పెద్దవాళ్ళందరూ నేల మీద కూర్చున్నారు. ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు కొండలయ్యాయి. ప్రష్యా సైన్యంలో అధికారుల శిక్షణకు యుద్ధపు ఆట అప్పటికే చాలా ఏళ్ళుగా ఉంది. దాన్ని ఇంటి నేల మీదికి, పిల్లాజెల్లా ఆడుకునేటట్టు తెచ్చిన ఘనత వెల్స్‌ది. 1913లో ఆ నియమాలను లిటిల్ వార్స్ అనే పుస్తకంగా వేశాడు.

ఆ నియమాల్లో సైన్సు విద్యార్థి కనిపిస్తాడు. కాల్బలం ఒక ఎత్తుకు అడుగు దూరం, గుర్రపు రౌతు రెండడుగులు కదలవచ్చు. ఫిరంగికి ఆరంగుళాల లోపు తనవాళ్ళు నలుగురుంటే తప్ప అది కదలదు, పేలదు. ఎత్తు వేయడానికి గడియారం పెడతారు. ముప్ఫై మందికి ఒక నిమిషం, ఒక్కో ఫిరంగికి ఒక నిమిషం. టైము దాటితే కదలనివాడు కదలనట్టే.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది చేయీ చేయీ కలిసే పోరాటపు నియమం. సీసపు సిపాయికి చావు భయం ఉండదు కదా! ఊరికే వదిలేస్తే చివరివాడి దాకా పోరాడుతూనే ఉంటాడు. అందుకని వెల్స్ లొంగుబాటుకు దారి పెట్టాడు. తొమ్మిదిమంది ఒంటరిగా చిక్కారు, దగ్గరలో సాయం లేదు, పదకొండుమంది మీద పడ్డారనుకోండి. తేడా రెండు గనుక ఇద్దరు ఖైదీలవుతారు. మిగతా ఏడుగురు శత్రువుల్లో ఏడుగురిని చంపి తామూ చస్తారు. గెలిచినవాడికి మిగిలేది నలుగురు. ఇక్కడ అదృష్టానికి చోటు లేదు. ముందే లెక్క వేసుకుని దిగాలి. గెలుపు ఖరీదెంతో ఆ లెక్కే చెబుతుంది.

పుస్తకం చివర ఆయన తేల్చినది కూడా ఇదే. యుద్ధం సరదా తీరాలంటే నేల మీద బొమ్మలు చాలు, నిజం యుద్ధమంత తెలివితక్కువ పని మరొకటి లేదని. కానీ మరుసటి ఏడే, 1914లో, ప్రపంచయుద్ధం వచ్చింది. యుద్ధాలనే అంతం చేసే యుద్ధమిదని నమ్మి వెల్స్ దాన్ని సమర్థించాడు. 1918లో జర్మనీ మీద ప్రచారానికి కూడా పనిచేశాడు. తన నియమాన్ని తానే మరిచిపోయాడని నాకు బాధేసింది. ఆ యుద్ధం దేన్నీ అంతం చెయ్యలేదు. తర్వాతి జీవితమంతా ప్రపంచ ప్రజల ఐక్యత కోసం, మానవ హక్కుల కోసం రాశాడు. 1920లో ప్రపంచ చరిత్ర వెలువరించాడు. 1914 నాటి నవలలోనే అణుబాంబులను ఊహించిన ఆయన, హిరోషిమా చూసి మరీ 1946 ఆగస్టు 13న లండన్‌లో కన్నుమూశాడు.

వెల్స్ ఆటలో కాలి సిపాయిలందరూ ఒకటే, వీరుడంటూ ప్రత్యేకంగా ఎవడూ లేడు. 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ రాసిన చైన్‌మెయిల్ అనే ఆటలో ఒక వీరుడు నలుగురికి సమానమయ్యాడు. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆ వీరుడే మా యోధుడు. 2004లో లిటిల్ వార్స్ మళ్ళీ అచ్చయినప్పుడు ముందుమాట రాసింది ఆ గైగాక్సే.

మా ఊళ్ళో నీటి వంతులు నాట్లకు ముందే తేల్చుకుంటారు. మడి ఎండుతున్నప్పుడు వంతు మారుద్దామంటే ఎవరు ఒప్పుకుంటారు? ఆ మాత్రం నాకు ఆటలో తోచలేదు. ఇప్పుడు మా గదిలో సొంత నియమాలన్నీ ఆట మొదలవక ముందే కాగితం మీద రాసి గోడకు అంటిస్తున్నాం. యోధుడి రెండో దెబ్బ నియమం కూడా అందులో ఉంది. అయితే అది శత్రువు యోధుడికీ వర్తిస్తుంది. మొన్న ఆ దెబ్బకే నా యోధుడు చచ్చాడు. ఈసారి తగాదా రాలేదు.