గానాచార్యుఁడు సెబాస్టియన్ బాఖ్

దేవాలయమునకుఁ గళ యేల యని కొందఱును, కళ నెఱిఁగినవానికి దేవాలయ మేల యని కొందఱును అడుగుచుందురు. మొదటివారికి మౌనముగాఁ జేయు ప్రార్థనమే చాలును. రెండవవారు, మతసంఘమువారి కూడు గుడిచిన కళ వారికి బానిస యగునని భయపడుదురు. ఈ ప్రశ్నలను తర్కముతోఁ దీర్పఁబూనుటకంటె నొక మనుష్యుని బ్రదుకుతో సరిచూచుకొనుట మేలని తలఁచి, జర్మనీదేశమున దేవాలయపుఁ గొలువులోనే తన యాయువులోఁ బెద్దభాగము గడపిన యోహాన్ సెబాస్టియన్ బాఖ్ అను గాయకుని చరిత్రము నిచ్చట సంగ్రహముగాఁ జెప్పుచున్నాను.

బాఖ్ 1685 వ సంవత్సరము మార్చి 21 వ తేదిని తురింగియా సీమయందలి ఐజెనాఖ్ పట్టణమున జన్మించెను. మతసంస్కర్తయగు మార్టిన్ లూథరు బాల్యమునఁ జదువుకొనిన బడిలోనే యీతఁడును జదివెను. క్రైస్తవారాధనమున పూజారులే గాక జనులందఱును దమ భాషలోఁ గీర్తనలు పాడవలయునని విధించినవాఁ డా లూథరు. కాఁబట్టి యా మతశాఖవారి ప్రతి దేవాలయమునకును పాట నేర్పువాఁడును, వాద్యము వాయించువాఁడును, పాడు బాలురును గావలసివచ్చిరి. బాఖ్ వంశమువారికి తరతరములుగా నదియే జీవనము. తండ్రి పట్టణపు మేళగాఁడు; బంధువులలో ననేకులు చుట్టుపట్ల గ్రామములలో ఆర్గను వాయించువారు.

పదియేండ్లు నిండకమున్నే బాలునికి తల్లియుఁ దండ్రియు గతించిరి. ఓర్డ్రుఫ్ అను నూర దేవాలయపుఁ గొలువులోనున్న పెద్దయన్న చేరఁదీసి వాద్యవిద్య నేర్పెను. అన్నగారు బీరువాలోఁ బెట్టి తాళము వేసిన స్వరపుస్తకము నొకదానిని ఈ చిన్నవాఁడు చువ్వల సందునుండి యీవలకు లాగి, దీప మియ్యకుండుటచే వెన్నెల రాత్రులయం దాఱుమాసములు కూర్చుండి ప్రతి వ్రాసికొనెననియు, అన్నగారది కనిపెట్టి లాగికొనెననియు, బాఖ్ మరణానంతరము వెలువడిన చరిత్రములో నున్నది. ముసలితనమునఁ గన్నులు పోవుటకు బీజమదియే యని కొందఱందురు. ఆఱుమాసముల వెన్నెలకంటె నేఁబది సంవత్సరముల కొవ్వొత్తి వెలుఁగే యెక్కువ హాని చేసియుండునని నా యూహ.

1700 వ సంవత్సరమున పదునేనవ యేఁట బాఖ్ ఉత్తరమున నున్న ల్యూనెబుర్గ్ పట్టణమునకుఁ బోయి, మిఖాయేలు దేవాలయపు పాఠశాలలోఁ జేరెను. మంచి కంఠముగల బీదబాలురకు భోజనము పెట్టి చదువు చెప్పించు నేర్పా టచ్చట నుండెను. దిక్కులేని పిల్లవాని కిట్లు మొదటి యన్నము పెట్టినది కంఠము, పెట్టించినది దేవాలయము.

పదునెనిమిదవ యేఁట ఆర్న్‌స్టాట్ పట్టణపు క్రొత్త దేవాలయమున ఆర్గను వాయించు నుద్యోగము దొరకెను. ఆర్గను అనఁగా మన యిండ్లలోని హార్మోనియము వంటిది గాదు. గోడయంత యెత్తున వందలకొలఁది గొట్టములు నిలిపి, వెనుక మనుష్యులు తిత్తులు త్రొక్కి గాలి నింపుచుండఁగా, వాయించువాఁడు చేతులతోను, కాళ్లతోను గూడ స్వరములు పలికించు మహాయంత్రమది. 1705 వ సంవత్సరాంతమున బాఖ్ నాలుగు వారముల సెలవు పుచ్చుకొని, ల్యూబెక్ పట్టణమున బుక్స్‌టెహూడె యను వృద్ధగాయకుని వాద్యము వినుటకై 250 మైళ్లకుఁ బైగా నడచిపోయి, నాలుగు మాసములకుఁ దిరిగివచ్చెను. మతసభవారు విచారణ జరిపి, సెలవు మీఱితి వేమనియు, కీర్తనల నడుమ వింత స్వరములు చొప్పించి పాడువారిని తికమకపెట్టుచున్నా వేమనియు, బాలురతోఁ గలిసి మేళము నడపవేమనియు నిలదీసిరి. సెలవు విషయమున తప్పీతనిదే. ఈతఁడు సులభుఁడు గాఁడు. వాద్యము సరిగా వాయింపని యొక విద్యార్థిని హేళన చేసి నడివీధిలోఁ గత్తి దూసినంత పని చేసినవాఁడు. కాని ల్యూబెక్‌లో వినివచ్చినది యా దేవాలయపు సొమ్మే యగునని సభవారికిఁ దోఁచలేదు.

1707 లో మ్యూల్‌హౌజెన్ పట్టణమునకు మాఱి, తన వంశములోని మరియా బార్బరా యను కన్యకను వివాహమాడెను. మఱుసటి యేఁడే యచ్చటి కొలువు వదలుచు, భగవన్మహిమకొఱకు దేవాలయసంగీతము నొక క్రమమునకుఁ దెచ్చుటయే తన లక్ష్యమని సభవారికి వ్రాసెను. ఆ పైని తొమ్మిదేండ్లు వైమార్ రాజాస్థానము. అచ్చటినుండి విడుదల గోరి పట్టుపట్టినందున ప్రభువు 1717 లో దాదా పొక నెల చెఱలో నుంచి పంపివేసెను. తరువాత కోథెన్ ప్రభువునొద్ద నాఱేండ్లు సుఖముగానే యుండెను. ప్రభువు సంగీతప్రియుఁడు, జీతము మంచిది. కాని యా సంస్థానపు మతశాఖలో నారాధనమునకు మేళ ముండదు. 1720 లో ప్రభువుతో నూరు వెడలి తిరిగివచ్చునప్పటికి భార్య మరణించి, ఖననము గూడ నయిపోయియుండెను. మఱుసటి యేఁడు అన్నా మాగ్డలేనా యను గాయకురాలిని పెండ్లాడెను. ఇరువురు భార్యలయందుఁ గలిగిన 20 మంది బిడ్డలలో పెరిగి పెద్దలయినవారు పదుగురే.

ఇచ్చట నొక చిన్న సంగతి చెప్పవలయును. బాఖ్ తన దేవాలయగేయముల వ్రాఁతప్రతులలోఁ బెక్కింటి మొదట యేసుని సాయము వేఁడు రెండక్షరములును, చివర మహిమ భగవంతునిదే యను నర్థమిచ్చు మూఁడక్షరములును వ్రాసికొనువాఁడు. అందు వింతలేదు, మనవారును గ్రంథారంభమున శ్రీకారము చుట్టుదురు. వింత యేమనఁగా, 1720 లో తొమ్మిదేండ్ల కుమారునికి వ్రేళ్లు తిరుగుటకై వ్రాసియిచ్చిన యభ్యాసపుస్తకములో మొదటి పాఠము తలమీఁద గూడ యేసునామమున నను నర్థమిచ్చు అక్షరములే యున్నవి. వ్రేళ్ల సాధకమును, పండుగనాఁటి మహాగానమును ఆయన దృష్టిలో నొకే పూజ. 1733 లో రాణిగారి పుట్టినదినమునకుఁ గట్టిన మేళమునే మఱుసటి యేఁడు క్రీస్తుజన్మోత్సవగానమునకు మొదట నిలిపెను. ఇది యపచారమని కొందఱు విమర్శకు లనిరి. ఇది రాజసభకు, ఇది దేవునికి అని పని నాణ్యమును రెండు తరగతులుగాఁ జేయనివానికి అపచార మెట్లగును? ఆయన సొంతముగా నుంచుకొని చదివిన వ్యాఖ్యాన సహితమగు బైబిలు నేఁటికిని నిలిచియున్నది. దానిలో సొలొమోను దేవాలయమున వాద్యకాండ్రు వాయింపఁగా మేఘము నిండిన ఘట్టమునకుఁ బ్రక్కను, భక్తితోఁ జేయు సంగీతమున భగవంతుఁడు తన కృపతో నెల్లప్పుడు సన్నిహితుఁడై యుండునని తన చేతితో వ్రాసికొనెను.

1722 లో లైప్సిగ్ నగరమునందలి తోమా పాఠశాలకు గానాచార్యుఁడు గావలసివచ్చెను. నగరసభవారు మొదట టెలెమాన్ అను ప్రసిద్ధుని గోరిరి, ఆయన రాలేదు. తరువాత గ్రౌప్నర్ అను నాయనను గోరిరి, ప్రభువు విడువలేదు. ఉత్తములు దొరకనప్పుడు మధ్యములతోఁ దృప్తిపడవలయునని యొక సభ్యుఁడు చెప్పెను. ఆ మధ్యముఁడు బాఖ్. రాజాస్థానమునుండి బడిపంతులు పనికి దిగుట యాయనకును గౌరవముగాఁ దోఁపలేదు. కుమారుల చదువునకు విశ్వవిద్యాలయముండుట యొక యాకర్షణము.

ఆ కొలువులో పనియెంత? తోమా, నికోలా యను రెండు ముఖ్యదేవాలయములలో నాదివారములకును, పండుగలకును మేళముతోఁ గూడిన కంటాట యను గేయప్రబంధము జరగవలయును. మొదటి రెండు మూఁడేండ్లలో బాఖ్ ఇంచుమించుగా వారమునకొక క్రొత్త ప్రబంధమును రచించెను. వారము మొదట నారంభించినది శనివారమునకు అభ్యాసమునకుఁ జేతికి రావలయును. భార్య, కుమారులు, శిష్యులు కూర్చుండి యొక్కొక్క పాటగానికి నొక్కొక్క ప్రతి వ్రాయుదురు. ఆదివారము ప్రొద్దున 7 గంటల కారాధన మారంభము. చాలక్రిందటి గంటలలో తడి యాఱిన సిరాతో నా ప్రతులు పాటగాండ్ర చేతులలో నుండును. ఇట్లు వ్రాసినవానిలో సుమారు 200 మనకు దక్కినవి.

పాడినవా రెవరు? బడిలో నన్నము తినుచున్న బీదబాలురు. వాయించినవా రెవరు? నగరపు జీతముమీఁద బురుజునుండి కొమ్ములూఁదు మేళగాండ్రును, విశ్వవిద్యాలయపు విద్యార్థులును. కవిత్వము చెప్పినవారెవరు? మత్తయి సువార్తననుసరించిన మహాగానమునకు, అనఁగా 1727 లోఁ బాడఁబడినట్లు తెలియు కృతికి, పదములు సమకూర్చినవాఁడు తపాలా కచ్చేరియుద్యోగియగు హెన్రికి. 1725 లో తొమ్మిది ప్రబంధములకుఁ బదములిచ్చినది మరియానే ఫాన్ సీగ్లర్ అను వితంతువు. స్త్రీ కవిత్వము దేవాలయమున వినఁబడుట యానాఁ డల్పమైన సంగతి గాదు. ఇఁక గొట్‌ఫ్రీడ్ రైఖె యను బూరగాఁ డుండెను. బాఖ్ బూరకు వ్రాసిన కష్టతరమైన స్వరములు పలుకఁగల యూపిరి యీ వృద్ధునిది. 1734 అక్టోబరు 5 వ తేది రాత్రి రాజుగారియెదుట కాగడాల పొగలో బూర యూఁది, మఱునాఁడు వీధిలోఁ గూలి మరణించెను. దేవాలయము లైప్సిగ్‌లో నొక్క బాఖ్‌ను మాత్రమే పోషింపలేదు; ఈతని ద్వారమున నింతమంది చేతులకుఁ బని గల్పించెను.

కాని యా పోషణము చేతులార నిచ్చినది గాదు. 1730 ఆగస్టు మాసమున నగరసభవారు ఆచార్యుఁడు పాఠములు సరిగాఁ జెప్పుట లేదనియు, మందలించినను లోఁబడఁడనియు నిందించి, రాబడి తగ్గింపఁదలఁచిరి. పాఠముల విషయమున వారి మాటలో సత్యము లేకపోలేదు. ఆ నెలలోనే బాఖ్ వారికొక విన్నపము సమర్పించెను. దానిలో స్తోత్రములు లేవు, లెక్కలున్నవి. మేళమునకు 12 గురు, మేలుగా నుండవలయునన్న 16 గురు పాటగాండ్రును, 18 మందికిఁ దక్కువ కాకుండ వాద్యకాండ్రును గావలయును. నగరపు వాద్యకాండ్రు ఎనమండుగురే. బడిలోని బాలురలో పనికివచ్చువారు 17 గురు, మున్ముందు రాఁగలవారు 20 మంది, ఎన్నఁటికిని రానివారు 17 గురు. పూర్వము మేళమున సాయపడు విద్యార్థులకు సభవా రిచ్చుచుండిన కొలఁది సొమ్ము గూడ నిలిచిపోయినది. ఉత్తపుణ్యమునకు వాయించువా రెవరని ఆయన ప్రశ్న. ఆ కొలఁది సొమ్ము తిరిగి యిచ్చినచో నగరపు ఖజానా యేమియు వట్టిపోదు. సభవారు చేసిన మే లేమియుఁ గానరాదు.

రెండుమాసముల తరువాత బాఖ్ బాల్యమిత్రుఁడైన ఎర్డ్‌మాన్‌కు వేఱొక కొలువు చూడుమని వ్రాసెను. ఏఁటి రాబడి 700 థాలరులు. అందుఁ బెద్దభాగము అంత్యక్రియలయందు పాటకు వచ్చు దక్షిణ. నగరమున మంచిగాలి వీచి జనులు చావకున్నచో రాబడి పడిపోవును. గతసంవత్సర మట్లే 100 థాలరులకుఁ బైగా నష్టమయ్యెనట. చదివినవారికి మొదట నవ్వు వచ్చును. పదిమంది నోళ్లకు గంజి పోయవలసిన యింటి యజమానుఁడు పొరుగువారి చావులు లెక్కించుకొనవలసివచ్చుటకు కారకు లెవరని పిమ్మటఁ దోఁచును.

వేఱు కొలువు దొరకలేదు. అదే యేఁడు వచ్చిన గెస్నర్ అను ప్రధానోపాధ్యాయుఁడు బాఖ్‌ను గౌరవించి కొన్నేండ్లు గాలి చల్లఁబఱచెను. తరువాతి యాయనతో మఱల కలహమే. ఆ దశకమున బాఖ్ దేవాలయమునకుఁ గ్రొత్తగా వ్రాయుట మిక్కిలి తగ్గిపోయెను. కాఫీ శాలలో విద్యార్థులమేళము నడపుచు సంతోషము వెదకుకొనెను. సభవారు నష్టపడినది 100 థాలరులు గాదు, వ్రాయఁబడని ప్రబంధములు.

అయినను 1748, 49 సంవత్సరములలో, చూపు మందగించుచుండఁగా, పూర్వము వ్రాసిన భాగములకుఁ గ్రొత్తవి చేర్చి లాటిన్ భాషలోని మహారాధనగాన మొకటి పూర్తిచేసెను. అది యాయన జీవితకాలమున సమగ్రముగా వినఁబడినట్లు గానరాదు. 1749 లో, ఆయన బ్రదికియుండఁగానే, నగరసభవారు వారసుని పాట పరీక్షించి చూచుకొనిరి. 1750 లో దేశములు తిరుగు నాంగ్లవైద్యుఁడొకఁడు కన్నులకు రెండుమాఱులు శస్త్రము చేసెను. ఉన్న చూపును బోయెను. జూలై 28 వ తేదిని బాఖ్ మరణించెను. సమాధిమీఁద నప్పుడు ఱాయి నిలుపలేదు.

కుమారులు వ్రాఁతప్రతులను బంచుకొనిరి. పెద్దవాని పాలివి కఱవునకు అమ్ముడుపోయి చాల నశించినవి. అన్నా మాగ్డలేనా ఆఱుమాసములు కొలువిల్లు విడువకుండుటకుఁగాను తన పాలికివచ్చిన ప్రబంధములలో 40 కిఁ బైబడినవాని పాటప్రతులను బడివారి కిచ్చివేసెను. 1760 లో ధర్మాదాయపు కూటితో నామె గడచిపోయెను.

ఆ ప్రతులు బడిలోనే యుండెను. 1789 లో మోజార్ట్ లైప్సిగ్‌నకు వచ్చినప్పుడు, బాఖ్ శిష్యుఁడైన యప్పటి గానాచార్యుఁడు బాలురచేత బాఖ్ కీర్తన యొకటి పాడించెనఁట. మోజార్ట్ ఉలికిపడి, ఇట్టివి యింక నున్నవా యని యడిగెను. పాటప్రతులు తెచ్చి యిచ్చిరి. అన్నియుఁ గలిపి వ్రాసిన పుస్తకము లేనందున, ఆయన వానిని చేతులలోను, మోఁకాళ్లమీఁదను, చుట్టునున్న కుర్చీలమీఁదను పఱచుకొని, చివరి కాగితము చూచువఱకు లేవలేదని చెప్పుదురు.