మాస్టరు రామచంద్రుడు - బీజగణిత బోధన

విద్య నేర్చుట కష్టము. నేర్పుట యంతకంటె కష్టము. తనకు తెలిసినదానిని తాను వచ్చిన త్రోవనే చెప్పుకొని పోవువారు పెక్కుమంది కలరు. శిష్యుడు నిలిచియున్న చోటికి తాను దిగివచ్చి, అచ్చటినుండి చేయిపట్టి మెట్టుమెట్టుగా పైకి నడిపించువారు అరుదు. పందొమ్మిదవ శతాబ్దమున ఢిల్లీ నగరమందు బీజగణితము బోధించి, మాస్టరు రామచంద్ర యని ప్రసిద్ధి కెక్కిన మహనీయుడు అట్టి యరుదైన గురువులలో నొకడు. ఆయన చరిత్రము ఉపాధ్యాయులును, బిడ్డలను బడికి పంపు తల్లిదండ్రులును తప్పక తెలిసికొనదగినది.

రామచంద్రుడు 1821వ సంవత్సరమున పానిపట్టునందు కాయస్థ కుటుంబమున జన్మించెను. తండ్రి సుందరలాలు కుంపిణీవారి రెవెన్యూ కొలువులో నాయబు తహసీలుదారు. వ్రాతకోతలును, లెక్కాచారములును ఆ కులమువారికి తరతరములుగా వచ్చిన వృత్తి. బాలునకు పట్టుమని పదియేండ్లు వచ్చు నంతలోనే తండ్రి గతించెను. ఆరుగురు కొమారులను పెంచు భారము తల్లిపై బడెను. ఇల్లు గడచుటయే గగనమైన ఆ దినములలో, 1833లో రామచంద్రుడు ఢిల్లీలోని ప్రభుత్వపు ఇంగ్లీషు బడిలో చేరెను. ఆ బడిలో గణితము చెప్పువారు లేరు. అందుచేత దొరికిన పుస్తకములను ఇంటికడనే ముందుంచుకొని, గురువు లేకయే ఆ శాస్త్రమును సాధించెను. సంసారభారమువలన కొంతకాలము చదువు మాని గుమాస్తా పని చేయవలసివచ్చెను. 1841లో విద్యార్థి వేతనము లభింపగా మరల కళాశాలకు వచ్చెను. 1844లో ఆ ఢిల్లీ కళాశాలయందే ఉపాధ్యాయుడుగా నియమింపబడెను.

ఈ కళాశాల స్వరూపమును కొంచెము తెలిసికొననిదే రామచంద్రుని కృషి బోధపడదు. అందు రెండు శాఖలు కలవు. ఒకటి ఇంగ్లీషు శాఖ, రెండవది ప్రాచ్యశాఖ. ప్రాచ్యశాఖలో అరబ్బీ, పారశీక, సంస్కృత విద్యలతోపాటు పాశ్చాత్య శాస్త్రములను ఉర్దూ భాషలో బోధించుచుండిరి. రామచంద్రునకు లభించిన పని యిదియే. దేశభాషలో శాస్త్రము చెప్పవలెనన్నచో పుస్తకములు కావలెను గదా! కళాశాల ననుసరించి యేర్పడిన అనువాద సమాజము ఆ కార్యమునకు పూనుకొనెను. రామచంద్రుడు బీజగణితము, త్రికోణమితి, కలనగణితము మొదలగు విషయములపై ఉర్దూలో గ్రంథములు సమకూర్చెను. అంతటితో తృప్తి చెందక, సామాన్య జనులకును శాస్త్రజ్ఞానము పంచుటకై ఉర్దూ పత్రికలను సైతము నడిపెను.

తరగతి గదిలో ఆయన ముందు నిలిచిన చిక్కు వేఱొకటి కలదు. గరిష్ఠ కనిష్ఠములను కనుగొనుట, అనగా ఒక రాశి ఎంతవరకు పెరుగగలదు, ఎంతవరకు తరుగగలదు అని తేల్చుట, గణితమున మిక్కిలి ప్రయోజనకరమైన ప్రకరణము. పాశ్చాత్య గ్రంథములలో దీనికి వాడుకలో నున్న సాధనము న్యూటను, లైబ్‌నిట్జులు కనిపెట్టిన కలనగణితము. అది శిష్యులకు బొత్తిగా క్రొత్తది. దాని భావములు వారు విన్నవి కావు. వారి పూర్వులు విన్నవియు కావు. గురువు చెప్పిన సూత్రమును వల్లెవేసి, అడిగినప్పుడు అప్పగించుట తప్ప వారికి వేఱు దారి లేకపోయెను.

ఇచ్చటనే రామచంద్రుని ప్రతిభ వెల్లడి యయ్యెను. శిష్యులకు లేనిదేమి యని ఆయన విచారింపలేదు. వారికున్నదేమి యని విచారించెను. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు రచించిన సిద్ధాంతశిరోమణిలో లీలావతి, బీజగణితము అను భాగములు కలవు. అవ్యక్త రాశిని వర్ణముచే గుర్తించి, సమీకరణము కట్టి, వర్గసమీకరణమును మధ్యమాహరణ విధిచే సాధించుట ఆ బీజగణితమందు విశదముగా చెప్పబడియున్నది. ఈ విద్య హిందూదేశపు సొంత సొత్తు. కాలక్రమమున అది కేవలము వల్లెవేత పాలైనను, దాని వేరు ఎండిపోలేదని రామచంద్రుడు నమ్మెను. ఆ పాత వేరునకే క్రొత్త అంటు కట్టిన యెడల చెట్టు చిగిర్చునని తలంచి, గరిష్ఠ కనిష్ఠ సమస్యలను కలనగణితముతో నిమిత్తము లేక, బీజగణితము చేతనే సాధించు మార్గమును రచించెను.

ఆ పద్ధతి యెట్టిదో చిన్న యుదాహరణముచే తెలియగలదు. నలుబది గజముల కంచెతో దీర్ఘచతురస్రాకారమగు దొడ్డిని కట్టవలెను. దాని వైశాల్యము మిక్కిలి హెచ్చుగా నుండవలెనన్న పొడవు, వెడల్పు లెంతెంత యుండవలెను? పొడవు వెడల్పులు రెండును కలిసి ఇరువది గజములు. పొడవు పందొమ్మిది, వెడల్పు ఒకటి యైనచో వైశాల్యము 19 చదరపు గజములు. పదునేను, ఐదు అయినచో 75. పండ్రెండు, ఎనిమిది అయినచో 96. ఇట్లు లెక్కించుచు పోయిన పిల్లవానికి పది, పది అయినప్పుడు 100 వచ్చునని తోచును. కాని తోచుట వేఱు, రుజువగుట వేఱు.

ఇప్పుడు పొడవును అవ్యక్తరాశిగా గొని, వైశాల్యమునకు ఒక పేరు పెట్టి సమీకరణము కట్టవలెను. వర్గసమీకరణ విధిచే దానిని సాధించినచో, పదికి ఒక వర్గమూలమును కూర్చినను తీసివేసినను పొడవు వచ్చునని తేలును. ఆ వర్గమూలము క్రింద నుండు సంఖ్య, నూఱులోనుండి వైశాల్యమును తీసివేయగా మిగిలినది. వైశాల్యము 96 అన్నచో మిగిలినది 4, దాని మూలము 2. పొడవు పండ్రెండు గాని యెనిమిది గాని యగును. వైశాల్యము 101 కావలెనని పట్టుపట్టినచో మిగులునది ఋణసంఖ్య. ఋణసంఖ్యకు వర్గమూలము లేదని భాస్కరుడే చెప్పియుండెను. కావున అట్టి దొడ్డి భూమిమీద లేదు. వైశాల్యము నూఱు దాటదు. నూఱైనప్పుడు మూలము సున్న. పొడవు వెడల్పులు రెండును పదేసి గజములు. బడిలో నేర్చిన వర్గసమీకరణమే పై తరగతి సమస్యకు తాళపుచెవి యైనది! ఒక తరగతి చదువు ముగిసి మఱియొకటి మొదలగుట కాదు. మొదటిదే పెరిగి రెండవది యగుట. ఈ విధముననే క్రమముగా ఘనసమీకరణములకును, అంతకు పై ఘాతములకును రామచంద్రుడు తన మార్గమును కొనిపోయెను.

ఈ గ్రంథమును ఆయన 1850లో కలకత్తాయందు ఇంగ్లీషున స్వంత వ్యయముతో ప్రకటించెను. ఫలితము నిరాశాకరము. కలకత్తాలోని విమర్శకులు దానిని మెచ్చలేదు. కలనగణితముచే సులభముగా తేలునది బీజగణితముచే శ్రమపడి సాధింపనేల యని వారి యాక్షేపణ. గణితజ్ఞుని పని వేఱు, గణితోపాధ్యాయుని పని వేఱు అను సంగతి వారు గమనింపలేదు. దగ్గఱి దారి యేదియో చూపుట మొదటివాని పని. నడువగల దారి యేదియో చూపుట రెండవవాని పని.

అదృష్టవశమున, బంగాళ విద్యామండలికి అధ్యక్షుడుగా నుండిన బెథ్యూన్ దొర కొన్ని ప్రతులను కొని ఇంగ్లండునకు పంపెను. వానిలో నొకటి లండను యూనివర్సిటీ కాలేజీలో గణితాచార్యుడైన అగస్టస్ డి మోర్గన్ చేతికి చేరెను. ఈ డి మోర్గన్ 1806లో మన దక్షిణదేశమున మధురయందే జన్మించి, పసికందుగా నున్నప్పుడే తల్లిదండ్రులతో ఇంగ్లండునకు పోయినవాడు. తర్కశాస్త్రమునను, బీజగణితమునను గొప్ప పండితుడు. విద్యార్థులకు గణితము ఎచ్చట, ఎందుకు క్లిష్టమగునో పరిశీలించి గ్రంథము వ్రాసినవాడు. కలకత్తావారికి కానరాని గుణము ఆయనకు వెంటనే కానవచ్చెను. ఇది కలనగణితమునకు పోటీగా వ్రాసినది కాదనియు, ఒక జాతి తన సహజమైన గణితశక్తిని తిరిగి మేలుకొల్పుకొనుటకు సాధనమనియు ఆయన గ్రహించెను. కుంపిణీ డైరెక్టర్లకు వ్రాసి, పట్టువిడువక ప్రయత్నించెను. తుదకు రామచంద్రునకు రెండువేల రూపాయల బహుమానమును, ఖిల్లతును మంజూరయ్యెను. 1859లో ఆ గ్రంథము డి మోర్గన్ పీఠికతో లండనులో పునర్ముద్రణ మొందెను.

ఈ నడుమనే రామచంద్రుని జీవితమున గొప్ప తుపానులు చెలరేగెను. 1852 జులైలో ఆయన డాక్టరు చమన్‌లాలుతో కూడ క్రైస్తవమతమును స్వీకరించి, యేసుదాసు అను పేరు దాల్చెను. నగరమున కలకలము పుట్టెను. ఐదేండ్లు గడచినవి. 1857 మే 11వ తేదీన తిరుగుబాటు సేనలు ఢిల్లీలో ప్రవేశించినవి. చమన్‌లాలు హతుడయ్యెను. కళాశాలాధ్యక్షుడు టేలరు దొరయు ప్రాణములు కోల్పోయెను. కళాశాల గ్రంథాలయము కొల్లగొట్టబడెను. తరములుగా కూర్చిన పుస్తకములు చినిగి చెల్లాచెదరైనవి. రామచంద్రుని తమ్ములును, సేవకులును దాచి కాపాడగా, ఆయన ప్రాణములతో నగరము వెడలి పోగలిగెను. బంధుమిత్రుల ఆదరణము, ఉద్యోగము, కళాశాల, గ్రంథములు అన్నియు ఒక్కమాఱుగా చేజారిన సమయమది. లండనులో తన గ్రంథమునకు సన్మానము సిద్ధమగుచుండగా, ఆ గ్రంథము చెప్పవలసిన బడియే ఢిల్లీలో లేకపోయెను.

అయినను ఆయన బోధన మానలేదు. 1858లో కొలదికాలము రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలయందు పనిచేసి, ఆ సంవత్సరమే ఢిల్లీ జిల్లాబడికి ప్రధానోపాధ్యాయుడుగా వచ్చెను. 1863లో కలనగణితమును సుగమము చేయు మఱియొక గ్రంథమును ప్రకటించెను. బీజగణితపు మెట్లెక్కించిన పిదప శిష్యుని ఆ పై యంతస్తునకు కొనిపోవుటయు ఆయన మఱవలేదని దీనివలన స్పష్టము. 1866లో అనారోగ్యముచే ఆ కొలువునుండి విరమించెను. అటుపై పటియాలా మహారాజునకు విద్య గఱపి, ఆ సంస్థానపు విద్యాశాఖకు అధికారియై, 1880 ఆగస్టు 11వ తేదీన కీర్తిశేషుడయ్యెను.

రామచంద్రుని గ్రంథము ఆయన కోరినట్లు మన బడులలో పాఠ్యగ్రంథమై నిలువలేదు. ఆ మాట దాచనక్కఱలేదు. కాని గురువు ఫలము గ్రంథములందు మాత్రమే కాక శిష్యులందును పండును. ఆయనకు మిక్కిలి ప్రియశిష్యుడైన జకావుల్లా గణితాచార్యుడై, ఉర్దూలో పెక్కు గణితగ్రంథములు రచించి, గురువు తలపెట్టిన దేశభాషా శాస్త్రబోధనను కొనసాగించెను. ప్రసిద్ధ ఉర్దూ నవలాకారుడు నజీరు అహమ్మదును ఆ కళాశాలలో చదివినవాడే.

నేడును ఏ బడిలో చూచినను, అంకగణితమున చుఱుకుగా నుండిన బాలుడు అక్షరములతో లెక్కలు మొదలిడగానే బిక్కమొగము వేయుట కలదు. వానికి తెలివి లేదని తేల్చివేయుట సులభము. క్రింది తరగతిలో వాడు నేర్చినదేమి, దానికిని దీనికిని నడుమ తెగిన మెట్టు ఎచ్చట నున్నది అని వెదకుట కష్టము. ఆ కష్టము ఉపాధ్యాయుని వంతు, శిష్యుని వంతు కాదు. క్రింది తరగతి పంతులును, పై తరగతి పంతులును ఒకచోట కూర్చుండి ఆ మెట్టును వెదకుకొన్నచో, దండనముచే కాని పని నెమ్మదిగా నెరవేరును. తండ్రిలేని బిడ్డయై, గురువు లేక గణితము నేర్చి, నేర్చినదానిని పరులకు సుగమము చేయుటకే జీవితమును ధారపోసిన మాస్టరు రామచంద్రుడు చూపిన మార్గ మిదియే.