ఆడవారి పనిని గ్రంథానికెక్కించిన మఠవాసి

పూర్వపు చరిత్ర గ్రంథాలలో రాజులు, యుద్ధాలు ఎక్కువగా కనిపిస్తాయి. పిండి నూరిన తల్లి, నూలు వడికిన కూతురు అరుదుగా కనిపిస్తారు. మెక్సికో దేశపు ఆజ్‌టెక్ స్త్రీల విషయంలో ఆ లోటు కొంతైనా తీరిందంటే అందుకు ముఖ్య కారకుడు ఒక ఫ్రాన్సిస్కన్ మఠవాసి. ఆయనే ఫాదర్ బెర్నార్దీనో దె సహగూన్.

ఆయన 1499 ప్రాంతంలో స్పెయిన్ దేశంలోని సహగూన్ పట్టణంలో జన్మించారు. సలమాంకాలో చదువుకొని, పునీత ఫ్రాన్సిస్ వారి సభలో చేరి, 1529లో మెక్సికో వెళ్లారు. ఆజ్‌టెక్ రాజ్యం స్పెయిన్ సైన్యం చేతిలో కూలి అప్పటికి 8 ఏళ్లయింది. ఆయన అక్కడివారి నావాట్ల్ భాష నేర్చుకున్నారు. 1536లో ట్లాటెలోల్కోలో ప్రారంభమైన పవిత్ర సిలువ కళాశాలలో స్థానిక యువకులకు లతీను బోధించారు.

సువార్త చెప్పాలంటే ముందు ఆ ప్రజలను ఎరగాలని ఆయన తలచారు. పాత దేవతల ఆరాధనను గుర్తుపట్టి తొలగించాలన్న ఉద్దేశమూ ఆయనకు ఉంది. 1558 ప్రాంతం నుండి ఊరి పెద్దలను కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, వారి జవాబులను తన శిష్యులచేత వారి భాషలోనే వ్రాయించారు. అలా 12 పుస్తకాలు, రెండు వేలకు పైగా బొమ్మలు తయారయ్యాయి.

వాటిలో స్త్రీల పని గురించి ఎంతో ఉంది. ఆడపిల్ల పుడితే బొడ్డుతాడును పొయ్యి దగ్గర పాతేవారు. మగపిల్లవాడిదైతే యుద్ధభూమిలో పాతించేవారు. నేతగత్తె, వంటగత్తె, వైద్యురాలు మొదలైన వారి పనిలో మంచి ఏదో, చెడు ఏదో వివరంగా వ్రాశారు. కాన్పులో చనిపోయిన తల్లికి యుద్ధంలో మరణించిన వీరునితో సమాన గౌరవం ఉండేది.

ఇది చదివి, ఆజ్‌టెక్ స్త్రీ ఇంటికే పరిమితమని పూర్వం కొందరు తేల్చారు. తరువాతి చరిత్రకారులు జాగ్రత్తపడ్డారు. అడిగినది మఠవాసి, జవాబిచ్చినది ముఖ్యంగా పెద్దింటి పురుషులు. స్త్రీ ఎలా ఉండాలని వారు కోరారో అదే చాలావరకు చెప్పారు. పైగా ఇల్లాలు నేసిన నూలు వస్త్రమే రాజుకు కప్పం, సంతలో డబ్బు. తవ్వకాలలో దొరికిన కదురు బిళ్లలను, వంటపాత్రలను పరిశీలించి, కాలాన్ని బట్టి, ఊరిని బట్టి స్త్రీల పని మారిందని ఎలిజబెత్ బ్రమ్‌ఫీల్ 1991లో చూపారు. ఆ రాజ్యాన్ని మోసినది వారి చేతులు కూడా.

1576లో మహమ్మారి చెలరేగినా ఫాదర్ సహగూన్ పని ఆపలేదు. కాని 1577లో రాజు రెండవ ఫిలిప్ ఆయన వ్రాతలన్నీ స్వాధీనం చేసుకొని పంపమని ఆజ్ఞాపించాడు. 1590లో మెక్సికో నగరంలో కన్నుమూసేనాటికి ఆ గ్రంథం అచ్చు కాలేదు. దాని ప్రతి ఒకటి నేటికీ ఇటలీలో, ఫ్లోరెన్స్‌లోని లారెన్షియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

ఇంటిపని కూడా ఒక పనేనా అన్న మాట మన ఇళ్లలో వినబడినప్పుడు ఈ గురువును తలచుకుందాం. ఆయన ఓపికగా అడిగారు, విని వ్రాయించారు. ఆ పని చేసే తల్లులను నేరుగా అడగడం మనకు మిగిలింది.