కొలువు పోయినా ఊరు వదలని ఉసాయ్

బ్యూనస్ ఎయిర్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో 1919 నుంచి ఫిజియాలజీ విభాగాన్ని నడిపిన ఆచార్యుణ్ని 1943లో అర్జెంటీనా సైనిక ప్రభుత్వం ఒక్క సంతకం కారణంగా ఇంటికి పంపేసింది. దేశంలో ప్రజాస్వామ్యాన్ని పునరుద్ధరించాలంటూ ప్రముఖులు వెలువరించిన ప్రకటన కింద ఆయన పేరు ఉంది. నాలుగేళ్ల తర్వాత ఆయనకే నోబెల్ వచ్చింది. ఆయన బెర్నార్దో ఉసాయ్.

1887 ఏప్రిల్ 10న బ్యూనస్ ఎయిర్స్‌లో, ఫ్రెంచి మూలాలున్న కుటుంబంలో పుట్టారు. 14 ఏళ్లకే ఫార్మసీ చదువులో చేరి, తర్వాత వైద్యం వైపు మళ్లారు. విద్యార్థి దశలోనే పిట్యూటరీ, అంటే మన పాఠ్యపుస్తకాల పీయూష గ్రంథి, ఆయన్ని పట్టుకుంది. చివరిదాకా వదల్లేదు.

మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే గ్రంథి అది. అది దెబ్బతింటే పిల్లలు ఎదగరని, అతిగా పనిచేస్తే చేతులు, కాళ్లు, దవడ పెరిగిపోతాయని అప్పటికే వైద్యులకు తెలుసు. కానీ రక్తంలో చక్కెరకూ దీనికీ సంబంధం ఉందని ఎక్కువమంది అనుకోలేదు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ బయటపడ్డాక షుగర్ జబ్బు అంటే క్లోమం లోపమే అన్న అభిప్రాయం స్థిరపడింది.

ఉసాయ్ దీన్ని కప్పల్లోనూ కుక్కల్లోనూ పరీక్షించారు. క్లోమం తీసేసిన కుక్కకు తీవ్రమైన షుగర్ వస్తుంది, త్వరగా చనిపోతుంది. దానికి పిట్యూటరీ కూడా తీసేస్తే? జబ్బు మెత్తబడింది, కుక్క ఎక్కువ కాలం బతికింది. పిట్యూటరీ ముందు భాగం నుంచి తీసిన రసం ఎక్కిస్తే మాత్రం చక్కెర మళ్లీ పెరిగింది. ఇన్సులిన్ కిందికి లాగుతుంటే ఈ గ్రంథి పైకి నెడుతోందన్నమాట. గ్రోత్ హార్మోన్ ఎక్కువైన రోగుల్లో షుగర్ ఎందుకు తరచుగా కనిపిస్తుందో దీంతో అర్థమైంది. ఆ కుక్కల సంగతి ఇవాళ చదివితే మనసు చివుక్కుమంటుంది. ఎథిక్స్ కమిటీలు లేని కాలమది.

మన దగ్గర పెద్దగా ప్రస్తావనకు రాని పని ఇంకొకటుంది. 1930 ప్రాంతంలో ఉసాయ్ ఒక చేప పిట్యూటరీ రసాన్ని పిల్లల్ని కనే జాతి చేపకు ఎక్కించి చూశారు. అది నెలలు నిండకుండానే పిల్లల్ని పెట్టింది. పునరుత్పత్తి పగ్గాలూ ఈ గ్రంథి చేతిలోనే ఉన్నాయి. బ్రెజిల్ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని చేపల పెంపకానికి మలిచారు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం మన కార్ప్ చేపలతో ఇలాగే గుడ్లు పెట్టించింది. చెరువు నీటిలో వాటంతట అవి గుడ్లు పెట్టని శీలావతి, బొచ్చె పిల్లల కోసం అప్పటిదాకా వరద నదుల్లో వల వేయాల్సి వచ్చేది. కొల్లేరు చుట్టూ చెరువులు నడిపే రైతులు ఇప్పుడు హేచరీల నుంచి పిల్లల్ని తెచ్చుకుంటున్నారంటే దాని వెనుక ఈ సూది ఉంది. పిట్యూటరీ రసం స్థానంలోకి ఇప్పుడు కృత్రిమ హార్మోన్లు వచ్చాయి, అంతే తేడా.

మళ్లీ 1943కి. ఉద్యోగం పోగానే విదేశాల నుంచి ఆహ్వానాలు వచ్చాయి. ఉసాయ్ వెళ్లలేదు. 1944లో ప్రైవేటు విరాళాలతో, సహచరులను వెంటబెట్టుకుని, ఒక ఇంట్లోనే పరిశోధన సంస్థ తెరిచారు. 1945లో పాత కొలువు తిరిగి ఇచ్చారు, మరుసటి ఏడాదే పెరోన్ హయాంలో మళ్లీ ఊడబెరికారు. 1947లో ఆయనకు సగం, కోరీ దంపతులకు సగం నోబెల్ ప్రకటించినప్పుడు, ఇది పెరోన్‌ను దెబ్బతీయడానికి ఇచ్చిన బహుమతి అని ప్రభుత్వ అనుకూల పత్రికలు రాశాయి. పెరోన్‌ను కార్మికులు అంతగా నమ్మడానికి కారణాలున్నాయి, ఆయన్ని ఉత్త రాక్షసుడిగా చూపిస్తే కథ తప్పుతుంది. అయితే లాటిన్ అమెరికాకు సైన్సులో వచ్చిన తొలి నోబెల్‌ను అలా చిన్నబుచ్చడం అల్పబుద్ధే.

1955లో పెరోన్ పడిపోయాకే ఉసాయ్ విశ్వవిద్యాలయంలోకి తిరిగి అడుగుపెట్టారు. 1958లో ఏర్పడిన జాతీయ శాస్త్ర పరిశోధన మండలికి తొలి అధ్యక్షుడయ్యారు. 1970లో ఆయన శిష్యుడు లూయీస్ లెలోయిర్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ వార్త విన్న మరుసటి ఏడాది సెప్టెంబరులో, 84 ఏళ్ల వయసులో, పుట్టిన ఊళ్లోనే ఉసాయ్ కన్నుమూశారు.